తెర వెలిగింది సరే, పిల్లవాడి చెయ్యి లేచిందా?

రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ప్రభుత్వం ట్యాబులు ఇవ్వటం మొదలైంది మన బాపట్ల జిల్లాలోనే. 2022 డిసెంబరు 21న చుండూరు మండలం యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ఈ పంపిణీకి శ్రీకారం చుట్టారు. ఆ ఏడాది రాష్ట్రమంతటా 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబులు ఇస్తున్నామనీ, వాటి విలువ 686 కోట్ల రూపాయలనీ ప్రభుత్వం ప్రకటించింది. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత మొదలైంది. ఈ మధ్య కాలంలోనే 'నాడు-నేడు' పనులు జరిగిన బడుల్లో ఆరో తరగతి మొదలుకొని పై తరగతుల గదులకు, వేలితో తాకితే బదులు పలికే పెద్ద తెరలు వచ్చాయి. చిన్న బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. పొరుగున తెలంగాణలో కూడా 'మన ఊరు-మన బడి' మొదలైన తరువాత హైస్కూళ్ళకు ఇలాంటి తెరలే చేరాయి.

ఆనాడు ఎనిమిదో తరగతిలో ట్యాబు అందుకున్న పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసి బడి దాటిపోయారు. 2024లో ప్రభుత్వం మారింది. ట్యాబుల్లోకి పాఠాలు సమకూర్చిన బైజూస్ కంపెనీ వ్యవహారం అదే ఏడాది జూలైలో దివాలా విచారణకు వెళ్ళింది. ఇన్ని మారినా తెర మాత్రం గోడ మీదే వుంది. దానివల్ల మన పిల్లలకు ఒరిగిందేమిటన్నది ఇప్పుడు నిదానంగా మాట్లాడుకోవలసిన విషయం. కొన్నవారిని పొగడటానికో తిట్టటానికో కాదు. ఆ పని చేసేవారు రెండు వైపులా కావలసినంత మంది వున్నారు. నాట్లకూ కోతలకూ పోయి, మగ్గం నేసి, రొయ్యల షెడ్డుల్లో నిలువుకాళ్ళ మీద పనిచేసి పిల్లల్ని బడికి పంపే తల్లిదండ్రులకు కావలసింది ఒక్కటే సంగతి. తెర వచ్చాక మావాడికి చదువు మీద ధ్యాస పెరిగిందా, లేదా?

పెరుగుతుందనే అందరూ అనుకున్నారు. అలా అనుకోవటానికి కారణం లేకపోలేదు. బొమ్మ కదిలితే పిల్లల కళ్ళు అటే పోతాయి. గుండె ఎలా కొట్టుకుంటుందో సుద్దముక్కతో నల్లబల్ల మీద గీసి చెప్పే మాస్టారు ఎంత నేర్పరి అయినా, కవాటం తెరుచుకోవటం, నెత్తురు ఒక గదిలోంచి మరో గదిలోకి దూకటం తెర చూపించినట్టు చూపించలేరు. గ్రహణం ఎందుకు పడుతుందో చెప్పటానికి ఒకప్పుడు నిమ్మకాయ, బంతి, టార్చిలైటు తెచ్చి నానా తంటాలు పడేవారు. ఇప్పుడు ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఇంగ్లీషు మాట ఎలా పలకాలో పదిసార్లు విసుగు లేకుండా వినిపించే మాస్టారు ఎక్కడ దొరుకుతారు? యంత్రం వినిపిస్తుంది. ఇంతవరకు ఎవరికీ అనుమానం అక్కర్లేదు.

అయితే కళ్ళు అప్పగించటం వేరు, మనసు పెట్టటం వేరు. సినిమా హాల్లో రెండున్నర గంటలు రెప్ప వాల్చకుండా కూచుంటాం. మధ్యలో లేచి నిలబడి జవాబు చెప్పమని మనల్ని ఎవరూ అడగరు. అందుకే అది హాయిగా వుంటుంది. చదువు అలాంటి హాయి కాదు. కొంచెం తడబడాలి, తప్పు చెయ్యాలి, దిద్దుకోవాలి. ఆ తడబాటు తెర ముందు జరుగుతున్నదా అన్నదే అసలు ప్రశ్న.

వెనక బెంచీ నుంచి చూస్తే

నలభై మంది వున్న ఒక తరగతి గదిని ఊహించుకోండి. తెర మీద భిన్నాల లెక్క వచ్చింది. రొట్టె బొమ్మ నాలుగు ముక్కలై వుంది. మాస్టారు ముందు వరసలోంచి ఒక అమ్మాయిని పిలిచారు. ఆ పిల్ల వచ్చి ముక్కను వేలితో జరిపి, పెట్టవలసిన చోట పెట్టింది. టింగుమని మోగింది. గదంతా చప్పట్లు. తరువాత ఇంకొకడు వచ్చాడు. వాడు తప్పు చోట పెడితే తెర కీచుమన్నది, గది గొల్లుమన్నది. వాడు తల దించుకుని వెళ్ళి కూచున్నాడు. పీరియడ్ అయ్యేసరికి ఎనిమిది మంది వచ్చి వెళ్ళారు. గంట కొట్టారు.

మిగతా ముప్పై రెండు మంది సంగతేమిటి? వాళ్ళు చూశారు. చప్పట్లు కొట్టారు. బయట నిలబడి కిటికీలోంచి చూసేవారికి గది మహా సందడిగా వున్నట్టే కనిపిస్తుంది. తనిఖీకి వచ్చినవారు కూడా సంతోషించి వెళతారు. కాని తెర బదులు పలికింది ఎనిమిది మందికి మాత్రమే. అందులోనూ మాస్టారు సాధారణంగా పిలిచేది చెప్పగలిగిన పిల్లల్నే. వాళ్ళ తప్పు కూడా కాదు, సిలబస్ ముందుకు సాగాలి కదా. వెనక బెంచీలో వున్నవాడు నల్లబల్ల రోజుల్లో ఎక్కడ వున్నాడో ఇప్పుడూ అక్కడే వున్నాడు. అప్పుడు కిటికీ బయటికి చూసేవాడు, ఇప్పుడు తెర వైపు చూస్తున్నాడు. తేడా అంతే.

ఇది మనం కూచుని అల్లిన కథ కాదు. ఇరవై ఏళ్ళ క్రితమే లండన్ నగరంలో తేలిన విషయం. అక్కడి ప్రభుత్వం హైస్కూళ్ళకు పెద్ద ఎత్తున ఇలాంటి తాకే బోర్డులు కొనిపెట్టింది. లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ పరిశోధకులు బడుల్లో కూచుని చూసి, పరీక్ష ఫలితాలు లెక్కగట్టి 2007లో నివేదిక ఇచ్చారు. బోర్డులు వచ్చిన మొదటి ఏడాదిలో వాటివల్ల పిల్లల మార్కులు పెరిగిన జాడ వారికి కనిపించలేదు. కొత్తదనానికి పిల్లలు మొదట సంబరపడిన మాట నిజమే గాని, ఆ ఊపు ఎంతోకాలం నిలవలేదని రాశారు. ఇంకొక విశేషం కూడా గమనించారు. చదువులో వెనకబడిన పిల్లల తరగతుల్లో ఒక్కొక్కరినే బోర్డు దగ్గరికి పిలుస్తూ పోవటం వల్ల పాఠం నడక మందగించిందట. ఏ పిల్లల కోసం ఆ బోర్డు ఎక్కువ ఉపయోగపడాలో ఆ పిల్లలకే ఆలస్యమైందన్నమాట.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మనవాళ్ళు ఊరికే అనలేదు. బడికి యంత్రం రావటం ఇదే మొదలు కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు 'సైట్' అనే పేరుతో ఆంధ్రప్రదేశ్ తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ కార్యక్రమాలు అందించారు. కోళ్ళదొడ్డికి కట్టే తీగవల లాంటి వలతో చేసిన పెద్ద గొడుగు నిలబెట్టి ఆకాశంలోంచి బొమ్మను పట్టుకునేవారు. ఉదయం బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, వినోదం. తెలుగు కూడా అందులో ఒక భాష. ఉపగ్రహం అమెరికాది. గడువు తీరగానే, 1976 జూలై 31తో ప్రసారాలు ఆగిపోయాయి. తరువాత 1984-85లో దేశంలో కొన్ని హైస్కూళ్ళకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. 2004 డిసెంబరులో కేంద్రం మరో కంప్యూటరు పథకం తెచ్చింది. ఆ కంప్యూటర్లు ఏమయ్యాయో మన ఊళ్ళలో పాతికేళ్ళు దాటిన కుర్రవాళ్ళను అడిగితే చెబుతారు. మొదటి నెల గది ముందు తొక్కిసలాట. మూడో నెలకు ఒకటి రెండు యంత్రాలు మూలబడటం. ఆ తరువాత అన్నింటి మీదా గుడ్డ కప్పి, తాళంచెవి హెడ్మాస్టరు గారి బీరువాలో చేరటం. అన్ని చోట్లా ఇలాగే జరిగిందని అనలేం గాని, చాలా చోట్ల జరిగింది ఇదే.

లారీ, సరుకు

1983లో రిచర్డ్ క్లార్క్ అనే అమెరికా విద్యా పరిశోధకుడు ఒక పోలిక చెప్పాడు. చదువు చెప్పే యంత్రాలన్నీ సరుకు మోసే లారీల వంటివేనట. కిరాణా సరుకు ఏ లారీలో వచ్చిందన్న దాన్ని బట్టి తినేవాడికి ఒంట్లో బలం పెరగదు, సరుకును బట్టి పెరుగుతుంది అన్నాడు. దాని మీద పండితులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

ఆ పోలికను మనం పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు. ఐసు లేని లారీలో రొయ్యలు ఎత్తి పంపితే ఏమవుతుందో నిజాంపట్నం వారికి ఒకరు చెప్పాలా? బండి మంచిదైతే సరుకు చెడకుండా చేరుతుంది. అంతవరకు బండికీ విలువ వుంది. కాని మన దగ్గర జరిగిందేమిటంటే, బండి ఎంతకు కొన్నాం, ఎన్ని కొన్నాం అన్న లెక్కలు ఊరూరా చెప్పుకున్నాం. లోపల ఏమి ఎక్కించాం, ఎవరింటి ముందు దించాం అన్నది అంతగా ఎవరూ అడగలేదు.

అడిగినచోట ఏం తేలిందో చూడాలి. గుజరాత్ లోని వడోదరలో 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో నాలుగో తరగతి పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. తరువాత 2019లో నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో ఆ పరిశోధకుల్లో వున్నారు. పిల్లలు వారానికి రెండు గంటలు కంప్యూటరు మీద లెక్కల ఆటలు ఆడాలి. మిగతా బడులతో పోలిస్తే ఈ పిల్లల లెక్కల మార్కులు బాగా పెరిగాయి. ఆటలు ఆపేసిన ఏడాది తరువాత మళ్ళీ పరీక్ష పెడితే, వచ్చిన లాభంలో చాలా భాగం కరిగిపోయింది. విడవకుండా నీరు పెడితేనే చేను నిలబడుతుంది, ఒక తడి ఇచ్చి వదిలేస్తే ఎండుతుంది. ఇక్కడా అదే జరిగింది.

అదే రాష్ట్రంలో లీ లిండెన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు చేసిన ఇంకొక పరీక్ష మనకు మరీ పనికొస్తుంది. కంప్యూటరు పాఠాన్ని రెండు విధాలుగా పెట్టి చూశారు. కొన్ని చోట్ల బడి వేళల్లోనే, టీచరు చెప్పే సమయంలో కొంత తీసేసి ఆ స్థానంలో కంప్యూటరు పెట్టారు. కొన్ని చోట్ల టీచరు పాఠం పూర్తయ్యాక, బడి వేళకు అదనంగా పెట్టారు. 2008లో ఫలితాలు బయటికి వచ్చాయి. అదనంగా పెట్టినచోట పిల్లలు లాభపడ్డారు, అందులో వెనకబడినవారు ఇంకా ఎక్కువ లాభపడ్డారు. టీచరుకు బదులుగా పెట్టినచోట పిల్లలు కంప్యూటరు లేని పిల్లలకన్నా కూడా వెనకబడ్డారు. లాభం నష్టం రెండూ యంత్రం తెచ్చినవి కావు, దాన్ని ఎక్కడ కూచోబెట్టామన్న దాన్ని బట్టి వచ్చినవి.

మాస్టారు తెర ఆన్ చేసి, వీడియో పెట్టి, కుర్చీలో కూచుని ఫోనులో హాజరు లెక్కలో, మధ్యాహ్న భోజనం లెక్కలో ఎక్కించుకుంటున్నారంటే మనం రెండో రకంలో వున్నామని అర్థం. అలాగని ఉపాధ్యాయుణ్ణి ఒక్కణ్ణే తప్పు పట్టటం న్యాయం కాదు. పాఠం చెప్పే వేళలోనే ఆ లెక్కలు పంపమని పైనుంచి అడిగితే ఆయన మాత్రం ఏం చేస్తారు?

సముద్రాల అవతల పెరూ దేశం కథ కూడా ఒక్క మాటలో చెప్పుకుందాం. అక్కడి ప్రభుత్వం పల్లెటూరి పిల్లలకు చిన్న లాప్‌టాప్‌లు పంచింది. 319 ప్రాథమిక పాఠశాలల్లో చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. సుమారు ఎనిమిది మందికి ఒకటి చొప్పున వున్న కంప్యూటర్లు తలకొకటి లెక్కకు వచ్చాయి. పదిహేను నెలలు గడిచినా లెక్కల్లో గాని, భాషలో గాని మార్కులు కదలలేదు. పంచటంతో పని అయిపోయిందనుకుంటే ఫలితం ఇలాగే వుంటుంది.

ఢిల్లీలో ఫలించింది ఎందుకు?

ఇదంతా చదివి, అయితే తెర దండగ అన్న నిర్ణయానికి వస్తే అదీ తొందరపాటే అవుతుంది. ఢిల్లీలో చేసిన ఒక ప్రయోగం ఇందుకు సాక్ష్యం. కార్తీక్ మురళీధరన్, ఆయన తోటి పరిశోధకులు చేశారు. 2019లో ప్రచురించారు. ఈ మురళీధరన్ మన రాష్ట్రానికి కొత్తవాడు కాదు. 2005 తరువాత ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో ఉపాధ్యాయుల పనితీరు, ప్రోత్సాహకాల మీద పెద్ద అధ్యయనం చేసిన ఆర్థికశాస్త్రజ్ఞుడు.

ఢిల్లీలో వాళ్ళు ముందుగా చేసిన పని, పిల్లలకు నిజంగా ఎంత వచ్చో కొలవటం. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి వున్నారని తేలింది. పై తరగతులకు పోయేకొద్దీ ఆ దూరం ఇంకా పెరిగింది. అంటే ఆరో తరగతి గదిలో మాస్టారు ఆరో తరగతి పాఠం చెబుతుంటే, వింటున్న పిల్లవాడు ఇంకా మూడో తరగతి మెట్టు మీదే వున్నాడు. వాడికి ఆసక్తి లేదని మనం తిడుతున్నాం. తెలియని భాషలో హరికథ వింటూ ఎవరైనా ఎంతసేపు కూచోగలరు?

అక్కడ బడి విడిచాక నడిచే కేంద్రాల్లో పిల్లలు కొంతసేపు కంప్యూటరు దగ్గర, కొంతసేపు చిన్న గుంపుగా టీచరు దగ్గర కూచునేవారు. కంప్యూటరు ఒక్కొక్కరి స్థాయి కనిపెట్టి అక్కడినుంచే ప్రశ్నలు వేస్తుంది. మూడో తరగతి మెట్టు మీద వున్నవాడికి మూడో తరగతి లెక్క. చేస్తే నాలుగో మెట్టు. తప్పితే, ఎక్కడ తప్పాడో అక్కడే మళ్ళీ. నవ్వేవారు లేరు, కీచుమనేది లేదు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టమైన లాభం కనిపించింది. మామూలుగా బడిలో ఎదుగూ బొదుగూ లేకుండా వుండిపోయే వెనకబడిన పిల్లలకు, పోలికలో, ఎక్కువ మేలు జరిగింది.

ఉత్సాహం అనేది ఎక్కడినుంచి వస్తుందో ఇక్కడ అర్థమవుతుంది. బొమ్మ రంగులోంచి రాదు. కొమ్మ అందీ అందనంత ఎత్తులో వుంటే పిల్లవాడు ఎగురుతాడు, రెండు నిలువుల ఎత్తున వుంటే ఒకసారి చూసి వెళ్ళిపోతాడు. నిన్న రానిది ఇవాళ వచ్చిందన్న సంగతి వాడికి తెలియాలి. ఆ రుచి మరిగినవాడు రేపు తనంతట తానే బడికి వస్తాడు. 2024 'అసర్' నివేదిక చూస్తే మన దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం గడగడా చదవగలిగినవారు 23.4 శాతం మాత్రమే. 2022లో వున్న 16.3 శాతం కన్నా ఇది నయమే. అయినా నలుగురిలో ముగ్గురికి పైగా ఇంకా చదవలేని స్థితి. అందరికీ ఒకే పాఠాన్ని పెద్ద తెర మీద పెద్ద అక్షరాలతో చూపినంత మాత్రాన ఈ ముగ్గురికి కొమ్మ కిందికి దిగదు. పిల్లవాడి స్థాయిని బట్టి ట్యాబులో ప్రశ్నలు ఇచ్చే పద్ధతిని మన రాష్ట్రంలోనూ కొన్ని ప్రభుత్వ బడుల్లో నడిపారు. గోడ మీది తెర కన్నా ఆ దారి మన పిల్లలకు ఎక్కువ దగ్గర.

ట్యాబు ఇంటికి వస్తే ఇంకో చిక్కు వుంది. అది అక్క చేతిలో వుంటే తమ్ముడు ఊరుకోడు. పగిలితే ఎవరు కట్టాలని భయపడి అమ్మ దాన్ని చీరల మధ్య బీరువాలో దాచిపెడుతుంది. ఆమెను తప్పు పట్టలేం. ఆ ఇంట్లో అంత ఖరీదైన వస్తువు మరొకటి వుండదు మరి.

అట్టముక్కలు చాలు

మళ్ళీ ఆ నలభై మంది గదికి వద్దాం. స్థాయిని బట్టి నడిపే ట్యాబులు అందరికీ ఎప్పుడు వస్తాయో వేచి చూడనక్కర్లేదు. వున్న తెరతోనే నలభై మందిచేత జవాబు చెప్పించే ఉపాయం వుంది. దాని మూలం అమెరికా హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వుంది. ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్రం ప్రొఫెసరు 1991 నుంచి తన తరగతిలో ఉపన్యాసం తగ్గించి ప్రశ్నలు పెంచాడు. ఒక ప్రశ్న, దానికి నాలుగు జవాబులు చూపిస్తాడు. ప్రతి ఒక్కరూ ముందు తమకు తోచింది చెప్పాలి. తరువాత పక్కవాడితో రెండు నిమిషాలు వాదించాలి. మళ్ళీ జవాబు చెప్పాలి. వాదన పూర్తయ్యేసరికి ఒప్పు చెప్పేవారి సంఖ్య పెరుగుతుంది. జవాబులు పట్టటానికి పిల్లల చేతికి మీటలున్న చిన్న యంత్రాలు ఇచ్చే పద్ధతి తరువాత అమెరికా కాలేజీల్లో బాగా వ్యాపించింది.

కెనడాలో ఒక కాలేజీలో నేథనియెల్ లాస్రీ అనే అధ్యాపకుడు ఇంకో అడుగు వేశాడు. ఒక తరగతికి ఆ మీటల యంత్రాలు ఇచ్చాడు. ఇంకో తరగతికి జవాబు గుర్తులున్న అట్టముక్కలు ఇచ్చాడు. బోధన పద్ధతి ఒక్కటే. 2008లో ఆయన చెప్పిన ఫలితం ఏమిటంటే, రెండు తరగతులూ ఒకే మోస్తరుగా నేర్చుకున్నాయి. యంత్రం వల్ల మాస్టారికి లెక్క తేలికగా తెలుస్తుంది, అంతవరకే దాని గొప్ప.

పాత శుభలేఖల అట్టలు మన ఇళ్ళలో కట్టలు కట్టలుగా పడివుంటాయి. ఒక్కో పిల్లవాడు నాలుగు ముక్కలు కత్తిరించి నాలుగు రంగులు పూసుకుంటే చాలు. పైసా ఖర్చు లేదు. తెర మీద గుండె బొమ్మ ఆడించి, అక్కడ ఆపి, ఇప్పుడు నెత్తురు ఎటు పోతుంది అని మాస్టారు అడగాలి. అందరూ ముక్కను గుండెకు ఆనించి పట్టుకుని, మూడు లెక్కపెట్టగానే ఒక్కసారి పైకెత్తాలి. ఒక్కసారి అన్నది ముఖ్యం. లేకపోతే అందరూ తరగతిలో మొదటివాడి ముక్క చూసి అదే ఎత్తుతారు. పిల్లలు మనకన్నా తెలివైనవాళ్ళు.

అప్పుడు ఏం జరుగుతుందో చూడండి. ఎర్ర ముక్కలు పద్దెనిమిది, పచ్చ ముక్కలు ఇరవై రెండు. ఒక్క చూపులో మాస్టారికి సంగతి తెలిసిపోతుంది. సగం మందికి తెలియలేదు, పాఠం ముందుకు పోకూడదు. తప్పు చెప్పినవాడు కూడా ఒంటరి కాడు, వాడి వెంట ఇంకా పదిహేడు మంది వున్నారు. కాబట్టి గొల్లుమనేవారు వుండరు. నలుగురిలో నోరు మెదపని ఆడపిల్ల కూడా ముక్క ఎత్తటానికి సిగ్గుపడదు. తరువాత పక్కపిల్లతో తగువు పడుతుంది. ఆ తగువులో వుంది చదువు. ముప్పై రెండు మంది ప్రేక్షకులు ఆటలోకి దిగారు, తెర కూడా వృథా పోలేదు. ఇలా నడిపే మాస్టార్లు మన జిల్లాలోనూ లేకపోరు. వారికి ఎవరూ సభలు పెట్టి ట్యాబులు ఇచ్చి వుండరు, వారంతట వారే కనిపెట్టుకుని వుంటారు.

ఇక్కడ భాష సంగతి ఒకటి చెప్పాలి. పాఠ్యపుస్తకంలో ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ తెలుగు పెట్టిన రోజుల్లో తెర మీద గొంతు ఇంగ్లీషులోనే సాగిపోతే పిల్లలు తలలు ఊపుతారు. తల ఊపినవాడికి అర్థమైందని అనుకోవటానికి లేదు. అట్టముక్క ఎత్తితే ఆ గుట్టు బయటపడుతుంది. ప్రశ్న ఇంగ్లీషులో వున్నా పక్కవాడితో వాదన తెలుగులో సాగనివ్వాలి.

చిన్న చిన్న విషయాలే గాని వదిలిపెట్టరానివి ఇంకొన్ని వున్నాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలివానల తరువాత ముందు పోయేది కరెంటు, ఆఖరున వచ్చేదీ కరెంటే. కరెంటు లేని రోజున ఏం చెప్పాలో తెలియనంతగా మాస్టారు తెర మీద ఆధారపడితే ఆ రోజు బడి లేనట్టే. తెర చెడితే బాగుచేసే మనిషి ఎవరు, గ్యారంటీ ఎప్పటిదాకా, ఆ తరువాత ఖర్చు ఎవరిది? బోరింగు చెడితే పంచాయతీలో ఎవరిని పట్టుకోవాలో మనకు తెలుసు. బడి తెర చెడితే ఎవరిని పట్టుకోవాలో ఎంతమందికి తెలుసు?

అడగటానికి చోటు లేకపోలేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ వుండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే వుండాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రులు-ఉపాధ్యాయుల మెగా సమావేశాలు పెట్టారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, విద్యామంత్రి లోకేష్ బాపట్ల మునిసిపల్ హైస్కూలులోనే పాల్గొన్నారు. మరుసటి ఏడాది జూలై 10న మళ్ళీ పెట్టారు. ఇలాంటి సమావేశాలకు వెళ్ళిన తల్లిదండ్రులు మార్కుల కాగితం మీద సంతకం పెట్టి, టీ తాగి వచ్చేస్తుంటారు. కాగితం చూడటం అవసరమే. దానితోపాటు, ఈ నెలలో తెర మీద పాఠం ఎన్ని రోజులు జరిగింది, జరిగినప్పుడు మాస్టారు గదిలో ఏం చేస్తున్నారు, తరగతిలో ఎంతమంది చదవటంలో వెనకబడి వున్నారు, వారికి విడిగా ఏ వేళలో చెబుతున్నారు అని అడిగితే ఎవరూ కోప్పడరు. మంచి హెడ్మాస్టరు అయితే సంతోషిస్తారు కూడా.

దానికన్నా ముందు ఇంట్లో అడగవలసిన మాట ఒకటి వుంది. సాయంత్రం పిల్లవాడు సంచి పడేసి ఆటకు పరుగెత్తబోయే ముందు, ఇవాళ తెర మీద ఏం చూపించారురా అని అడిగితే వాడు ఉత్సాహంగా చెబుతాడు. అగ్నిపర్వతం చూపించారంటాడు, తిమింగలం చూపించారంటాడు. అక్కడితో ఆగకుండా, మరి నిన్ను ఏం అడిగారు, నువ్వేం చెప్పావు అని కూడా అడగండి. తాను చెప్పిన తప్పో ఒప్పో చెప్పుకొస్తే సరే. నన్నెవరూ అడగలేదు, ముందు బెంచీవాళ్ళనే పిలిచారు అంటే, ఈసారి కమిటీ సమావేశానికి పోయేటప్పుడు ఆ మాట జ్ఞాపకం పెట్టుకుని, వెంట నాలుగు శుభలేఖ అట్టలు కూడా పట్టుకెళ్ళండి.